తీగది కాని మందు

సహారా ఎడారికి దక్షిణాన, పడమట సెనెగల్ నుంచి తూర్పున సూడాన్ దాకా సాగే మెట్టభూముల పట్టీకి సహెల్ అని పేరు. అక్కడ వానలు జూన్‌లో మొదలై సెప్టెంబరు, అక్టోబరు నాటికి ఆగిపోతాయి. ఇక మళ్లీ చినుకు పడాలంటే ఏడెనిమిది నెలలు ఆగాలి. మార్చి వచ్చేసరికి గడ్డి ఎండి నలిగిపోతుంది. కుంటల అడుగు బీటలు వారుతుంది. మేకలు ముందుకాళ్లు తుమ్మకొమ్మల మీద ఆనించి మిగిలిన నాలుగాకుల కోసం మెడలు చాస్తాయి. అంతటి కరువు రోజుల్లోనూ ఏటి ఒడ్డు ఇసుకలో, ఎండిన కుంట చుట్టూ, బాట పక్క పల్లంలో ఒక తీగ పచ్చగా పరుచుకుని కనిపిస్తుంది. నేలను అంటిపెట్టుకుని పాకుతుంది, కణుపు కణుపుకూ వేళ్లు దించుతుంది. ఆకు గుండ్రంగా, కాడ దగ్గర లోపలికి నొక్కినట్టు, కాస్త దళసరిగా ఉంటుంది. గులాబీ, ఊదా కలిసిన గరాటు పూలు పొద్దున్నే విచ్చి ఎండ ముదిరేసరికి వాడిపోతాయి. చుట్టూ మేత లేకపోయినా పశువులు వీలైనంతవరకు దాని జోలికి పోవు.

దీని శాస్త్రీయ నామం ఐపోమియా అసారిఫోలియా. సెనెగల్ నుంచి వచ్చిన నమూనా ఆధారంగా 1792లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞులు దీన్ని తొలిసారి వర్ణించారు. 1819లో అది ఐపోమియా ప్రజాతిలోకి చేరింది. ఉత్తర నైజీరియాలో హౌసా భాష మాట్లాడేవారు దుమన్ కడా అంటారు. నదులు పొంగి తగ్గిన పల్లపు నేలలను వాళ్లు ఫదమా అంటారు. ఈ తీగకు అవి బాగా ఇష్టమైన చోట్లు. అట్లాంటిక్‌కు అవతల బ్రెజిల్లోనూ ఇది అడవి మొక్కే. ఐపోమియా ప్రజాతి పెద్దది, ఎనిమిది వందలకు దగ్గరగా జాతులున్నాయి. వాటిలో కొన్నిటిని మనం పుట్టినప్పటి నుంచీ చూస్తున్నాం. మన పెరట్లో దడికి అల్లుకునే కాశీరత్నం, చెరువుల్లో తేలే తూటికూర, కుంపటి మీద కాల్చుకునే చిలగడదుంప, కాలవగట్లను ఆక్రమించిన లొట్టపీసు, అన్నీ ఐపోమియాలే. అందుకే ఈ ఆఫ్రికా తీగ కథ మనకు మరీ దూరపు చుట్టరికం కాదు.

పశ్చిమ ఆఫ్రికా మొక్కల వాడకాలను పుస్తకాల్లోకి ఎక్కించినవారిలో ఇద్దరిని ముందుగా చెప్పుకోవాలి. 1937లో జె. ఎం. డాల్జీల్ పశ్చిమ ఉష్ణమండల ఆఫ్రికాలో పనికివచ్చే మొక్కల మీద ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. దాన్ని హెచ్. ఎం. బర్కిల్ ఎన్నో రెట్లు విస్తరించి, 1985 నుంచి సంపుటాలుగా తెచ్చారు. ఊరూరి మంత్రసానులు, పసరువైద్యులు, పశువుల కాపరులు చెప్పిన సంగతులు ఇలాంటి గ్రంథాల్లోనే నిలిచి ఉన్నాయి. మన తీగ గురించి నమోదైన వాడకాల్లో ఎక్కువ భాగం ఒంటిపై చేసే వైద్యం. తీగను ఉడికించి ఆ ఆవిరి పట్టడం, ఆ నీళ్లతో కీళ్లనొప్పులకు కాపడం పెట్టడం, తలనొప్పికి ఆకు వాడడం, పుండ్ల మీద ఆకు నూరి కట్టడం. గర్భిణుల మూత్ర సమస్యలకు, రక్తస్రావానికి కషాయంగా తాగించిన వాడకాలూ ఉన్నాయి. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, మన అసలు కథ దాని చుట్టూనే తిరుగుతుంది.

పుండ్ల సంగతి వచ్చింది కనుక ఇక్కడ కాసేపు ఆగాలి. ఈ ఆకు కట్టిన పుండ్లలో నారికురుపులు కూడా ఉన్నాయి. నారిపురుగు గుంట నీటి ద్వారా కడుపులోకి చేరి, ఏడాది తర్వాత కాలి చర్మాన్ని చీల్చుకుని పొడవాటి దారంలా బయటికి వస్తుంది. మన పెద్దవాళ్లకు ఇది తెలిసిన బాధే. భారతదేశంలో ఈ జబ్బు ఉన్న ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. దేశంలో చివరి కేసు 1996లో రాజస్థాన్‌లో నమోదైంది, 2000లో మనకు విముక్తి ధ్రువపత్రం దక్కింది. నైజీరియాలో 1980ల చివర ఒక్క ఏడాదిలో ఆరు లక్షలకు పైగా కేసులు లెక్కతేలాయి. అదే నైజీరియాను 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నారిపురుగు లేని దేశంగా ప్రకటించింది. ఏ ఆకుతోనూ, ఏ మాత్రతోనూ ఆ గెలుపు రాలేదు. ఈ జబ్బుకు ఇప్పటికీ మందు గానీ టీకా గానీ లేవు. నీళ్లు గుడ్డతో వడకట్టడం, బోర్లు వేయడం, పుండు ఉన్నవాళ్లను చెరువులోకి దిగనీయకపోవడం, ఇలాంటి జాగ్రత్తలే పని చేశాయి. పుండు మీద కట్టిన ఆకు నొప్పికి కాస్త ఊరట ఇచ్చి ఉండొచ్చు, మంటను తగ్గించి ఉండొచ్చు. జబ్బును మాత్రం ఆపలేదు. నాటువైద్యం గురించి మాట్లాడేటప్పుడు ఊరట వేరు, నివారణ వేరు అన్న సంగతి మరిచిపోతే ఆ వైద్యానికీ అన్యాయమే, రోగికీ అన్యాయమే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఈ తీగలో ఏముంది?

ఐపోమియాలు చేరిన కుటుంబంలోని చాలా మొక్కలు తుంచితే పాలు కారతాయి. ఆ పాలల్లో చక్కెరలూ కొవ్వు ఆమ్లాలూ కలిసి ముడిపడిన రెసిన్లు ఉంటాయి. కడుపులోకి వెళితే గట్టిగా విరేచనాలు పట్టిస్తాయి. మన ఆయుర్వేదంలో విరేచనానికి పేరుబడ్డ తెగడ ఈ కుటుంబానిదే. మెక్సికో నుంచి ఐరోపా మందుల కొట్లకు వెళ్లిన జలాప్ దుంపా ఈ కుటుంబానిదే. ఈ రెసిన్లు మొక్క సొంతంగా చేసుకునేవి, అందులో వింతేమీ లేదు. వింత రెండో రకం పదార్థాల దగ్గర మొదలవుతుంది. అసారిఫోలియా ఆకుల్లో ఎర్గాట్ ఆల్కలాయిడ్లు దొరికాయి.

ఎర్గాట్ అనే మాట కొత్తగా అనిపించొచ్చు గానీ, ఆ జబ్బు మన రైతులకు తెలుసు. సజ్జ కంకి నుంచి తేనె కారినట్టు జిగురు కారుతుంది, తర్వాత గింజ ఉండాల్సిన చోట నల్లటి గట్టి కొమ్ములాంటిది మొలుస్తుంది. దాన్ని తేనెబంక తెగులు అంటారు. విత్తనాన్ని ఉప్పునీటిలో పోసి, పైకి తేలిన నల్లటి పెంకులను తీసి పారేయమని వ్యవసాయ శాఖ ఏళ్లుగా చెబుతున్నది ఇందుకే. తెగులు సోకిన సజ్జలు తిన్నవాళ్లకు వాంతులు, తలతిప్పుడు, మత్తు వస్తాయి. మహారాష్ట్రలో 1950లలో, రాజస్థాన్‌లో 1970లలో ఇలా ఊళ్లకు ఊళ్లే జబ్బుపడ్డాయి. ఐరోపాలో రై గింజల మీద వచ్చే ఎర్గాట్ ఇంకా ఘోరం. అది రక్తనాళాలను బిగించి కాళ్లూ చేతులూ నల్లబడి ఊడిపోయేలా చేసింది. మధ్యయుగంలో వేలమంది దానివల్ల చనిపోయారు. క్లావిసెప్స్ అనే శిలీంధ్రం కంకిలో చేరి తయారుచేసే విషమిది.

అదే విషంలో గొప్ప మందూ ఉంది. ఎర్గాట్ గర్భాశయాన్ని ముడుచుకునేలా చేస్తుందని ఐరోపా మంత్రసానులకు చాలాకాలంగా తెలుసు. 1932లో లండన్‌లో ప్రసూతి వైద్యుడు జాన్ చాసర్ మోయిర్ ఎర్గాట్ నీటికషాయం బాలింతల గర్భాశయం మీద ఎంత బలంగా పనిచేస్తుందో కొలిచి చూపించారు. 1935లో ఆయన రసాయనవేత్త హెరాల్డ్ డడ్లీతో కలిసి అందులోని ముఖ్యమైన పదార్థాన్ని విడదీశారు. అదే ఎర్గోమెట్రిన్. కాన్పు తర్వాత రక్తస్రావం ఆపడానికి అదీ, దాని తమ్ముడు మిథైల్ ఎర్గోమెట్రిన్ ఇంజెక్షనూ ఎందరు తల్లులను బతికించాయో లెక్కలేదు. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లోనూ నర్సులకు అది చిరపరిచితమే. అయితే బిడ్డ బయటికి రాకముందు అదే మందు పడితే గర్భాశయం బిగుసుకుపోయి వదలదు. బిడ్డకు ఊపిరి అందదు, తల్లి ప్రాణానికీ ముప్పే. రక్తపోటు ఎక్కువున్న తల్లికి కాన్పు తర్వాత కూడా ఇవ్వరు. కొన్ని గంటల తేడాతో అదే చుక్క ప్రాణం నిలుపుతుంది, ప్రాణం తీస్తుంది.

ఈ జాతి పదార్థాలున్న తీగను గర్భిణుల రక్తస్రావానికి వాడారంటే మనసు వెంటనే రెండిటినీ ముడిపెడుతుంది. తొందరపడకూడదు. అసారిఫోలియాలో ప్రధానంగా దొరికినవి ఎర్గోబలాన్సినిన్, చనోక్లావిన్, ఎర్జిన్ లాంటివి. ఎర్గాట్ ఆల్కలాయిడ్ అన్నంత మాత్రాన అన్నీ ఒకేలా పనిచేయవు. నాటువైద్యుల అనుభవం దారి చూపిస్తుంది, ఆ దారిలో ఎంత దూరం వెళ్లొచ్చో కొలిచి చూశాకే చెప్పాలి.

పూలతీగల్లో ఎర్గాట్ ఆల్కలాయిడ్లు ఉన్నాయని ప్రపంచానికి మొదట తెలిసింది మెక్సికో గింజల ద్వారా. అక్కడి మూలవాసులు ఒలోలియుకి అనే గింజలను వందల ఏళ్లుగా పూజల్లో, జబ్బుల నిదానంలో వాడుతున్నారు. ఆ గింజలిచ్చే తీగ కూడా ఈ కుటుంబంలోదే. 1959లో గోర్డన్ వాసన్ అనే పరిశోధకుడు వాటిని సేకరించి స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌కు, ఆల్బర్ట్ హాఫ్‌మన్‌కు పంపారు. ఎర్గాట్ రసాయనాల మీద పనిచేస్తూ 1938లో ఎల్‌ఎస్‌డీని తయారుచేసింది ఈ హాఫ్‌మనే. గింజల సారాన్ని విశ్లేషిస్తే, తన బల్ల మీద ఇరవై ఏళ్లుగా ఉన్న పదార్థాల చుట్టాలే అందులో కనిపించాయి. 1960లో ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ సదస్సులో ఆయన ఈ సంగతి చెబితే సాటి శాస్త్రవేత్తలు నమ్మలేదు. శిలీంధ్రాలు, పూలమొక్కలు పరిణామంలో వంద కోట్ల ఏళ్లకు పైగా విడిపోయి బతుకుతున్నాయి. ఇంత చిక్కైన రసాయనం రెండుచోట్లా అచ్చుగుద్దినట్టు ఎలా పుడుతుంది? ఎర్గాట్‌తో నిండిన ఆయన ప్రయోగశాలలోనే ఏదో కలిసి ఉంటుందని అనుమానించారు.

ఇతర ప్రయోగశాలలు కూడా అదే తేల్చాక అనుమానం పోయింది. కానీ ప్రశ్న పోలేదు. చాలామంది ‘మొక్కే చేసుకుంటోంది’ అని సర్దుకున్నారు. ఎప్పుడో శిలీంధ్రం నుంచి జన్యువులు మొక్కలోకి దూకి ఉంటాయని కొందరు ఊహించారు. ప్రకృతిలో అలా జరగడం అసాధ్యమేమీ కాదు కూడా. మనం తినే చిలగడదుంప జన్యువుల్లో ఒక నేల బాక్టీరియా జన్యువులు ఇమిడి ఉన్నాయని 2015లో తేలింది. మనిషి ప్రమేయం లేకుండా ప్రకృతి చేసిన జన్యుమార్పిడి అది. కనుక ఆ ఊహ చెత్తబుట్టలో వేయాల్సింది కాదు. నలభై ఏళ్లపాటు దాన్ని తేల్చే ఆధారం దొరకలేదు, అంతే.

ఆ ఆధారం దొరికింది మన అసారిఫోలియా ఆకు మీద.

జర్మనీలోని బాన్ విశ్వవిద్యాలయంలో ఎకార్ట్ లైస్ట్నర్, ఉల్రికే స్టైనర్ బృందం ఈ తీగలను గాజుశాలలో పెంచుతూ ఆల్కలాయిడ్లు ఎలా పుడుతున్నాయో చూస్తోంది. మొక్కలకు బూజుమందు పెట్టారు. మొక్కలు బతికాయి, ఆకులు వేశాయి. ఆల్కలాయిడ్లు మాత్రం మాయమయ్యాయి. బూజును చంపే మందు మొక్క రసాయనాన్ని ఎందుకు ఆపాలి? లేత ఆకుల పైభాగాన్ని సూక్ష్మదర్శిని కింద పెట్టి చూస్తే తెల్లటి శిలీంధ్రపు పోగులు కనిపించాయి. మందు పెట్టిన మొక్కల మీద ఆ తెల్లదనం లేదు. 2004లో ఈ ఫలితం అచ్చయింది. 2006లో ఆ శిలీంధ్రపు డీఎన్‌ఏ చదివి, అది సజ్జకూ రైకీ తెగులు తెచ్చే క్లావిసెప్స్ కుటుంబానిదేనని చూపించారు. గడ్డిజాతుల మీద తప్ప ఉండదనుకున్న ఎర్గాట్ వంశం వెడల్పాకు తీగ మీద కాపురం పెట్టి ఉంది! ఎర్గాట్ ఆల్కలాయిడ్ల తయారీలో తొలి మెట్టును నడిపే జన్యువు మొక్కలో కాకుండా ఆ శిలీంధ్రంలో ఉందని 2008లో స్థిరపడింది. 1906లో పుట్టిన హాఫ్‌మన్ ఆ ఏడాదే, నిండు నూరేళ్లు దాటాక కన్నుమూశారు. తనను నమ్మని సదస్సుకు సరైన జవాబు ఆయన జీవించి ఉండగానే వచ్చింది.

2011లో ఆ శిలీంధ్రానికి పెరిగ్లాండ్యులా అని పేరు పెట్టి కొత్త ప్రజాతిగా ప్రకటించారు. అసారిఫోలియా మీద ఉన్నదానికి పెరిగ్లాండ్యులా ఐపోమియే అని పేరు. ఆకు మీది చిన్న చిన్న నూనెగ్రంథుల చుట్టూ అల్లుకుని ఉంటుంది కనుక ప్రజాతికి ఆ పేరు వచ్చింది. దీని నడవడి మామూలు తెగుళ్లలాంటిది కాదు. ఆకును తినదు, మచ్చలు పెట్టదు, మొక్కను వాడ్చదు. గాలిలో ఎగిరి ఇంకో మొక్కకు అంటుకోదు. తల్లి తీగ నుంచి గింజలోకి, గింజ నుంచి పిల్ల మొక్కలోకి వారసత్వంగా దిగుతుంది. మొక్క నుంచి విడదీసి ప్రయోగశాల పళ్లెంలో పెంచాలని చూసిన పరిశోధకులకు అది లొంగలేదు.

నన్ను అన్నిటికన్నా ఆశ్చర్యపరిచేది ఇది. ఆల్కలాయిడ్లను తయారుచేసేది ఆకు పైన ఉన్న శిలీంధ్రం. కానీ ఆకును, శిలీంధ్రపు పోగులను విడివిడిగా తీసి కొలిస్తే, తయారైన సరుకంతా దాదాపుగా ఆకు లోపలే ఉంది, పోగుల్లో నామమాత్రమే. అంటే ఒక ప్రాణి వండుతోంది, ఇంకో ప్రాణి ఆ వంటను తన కణజాలంలో దాచుకుంటోంది. ఆకు మీది నూనెగ్రంథుల పక్కనే శిలీంధ్రం చేరి ఉండడం, ఇచ్చిపుచ్చుకోవడం అక్కడి నుంచే నడుస్తోందన్న అనుమానానికి బలమిస్తోంది. మొక్కకు దీనివల్ల లాభమేమిటి? వెస్లీ బోలియూ, కీత్ క్లే, డేనియల్ పనాసియోన్, వాళ్ల సహచరులు 2021లో ప్రచురించిన అధ్యయనం దీనికి చక్కటి ఆధారమిచ్చింది. మ్యూజియంలలో ఎండబెట్టి దాచిన మొక్కల అట్టల నుంచి గింజలు తీసుకుని, ఈ తీగల కుటుంబంలో 210 జాతులను పరీక్షించారు. ఎర్గాట్ ఆల్కలాయిడ్లు నాలుగు శాఖల్లోనే గుంపుగా కనిపించాయి. చిన్న గింజల జాతుల్లో కన్నా పెద్ద గింజల జాతుల్లో ఎక్కువగా ఉన్నాయి. గింజ బరువు పెరిగేకొద్దీ ఆల్కలాయిడ్ల గాఢత కూడా పెరిగింది. పెద్ద గింజలో తల్లి పెట్టుబడి ఎక్కువ, తినిపోయే శత్రువులూ ఎక్కువ. కాపలా కూడా ఎక్కువ కావాలి. శిలీంధ్రం ఆ కాపలా కాస్తోందని వాళ్ల వాదన, నాకు అది ఒప్పుకోదగిన వాదనే.

2025లో ఈ కథకు ఇంకో పేజీ చేరింది. హాఫ్‌మన్ కాలం నుంచి రసాయనవేత్తలు విశ్లేషిస్తూ వచ్చిన నీలిపూల ఐపోమియా ట్రైకలర్‌లో శిలీంధ్రం ఉండితీరాలని అందరికీ తెలుసు, ఎవరికీ కంటపడలేదు. అమెరికాలోని వెస్ట్ వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఇంకా డిగ్రీ చదువుతున్న కోరిన్ హేజెల్, పనాసియోన్ ప్రయోగశాలలో పనిచేస్తూ గింజతొక్క మీద నూగులాంటిది గమనించింది. దాని డీఎన్‌ఏ చదివిస్తే పెరిగ్లాండ్యులాలో కొత్త జాతి అని తేలింది. దొరక్కుండా దాక్కున్నది కనుక క్లాండెస్టినా అని పేరు పెట్టారు.

ఇక పశువుల సంగతి. మేకలు ఈ తీగకు ఎందుకు దూరంగా ఉంటాయో ఈశాన్య బ్రెజిల్ కాపరులు బాగా చెప్పగలరు. సహెల్ లాగే అక్కడా కరువు నేలే, అక్కడా ఎండాకాలంలో పచ్చగా మిగిలేది ఈ తీగే. వాళ్లు సల్సా అంటారు. వేరే మేత లేక గొర్రెలు, మేకలు, పశువులు దీన్నే మేస్తే తల ఊగడం మొదలవుతుంది. ఒళ్లంతా వణుకుతుంది, కాళ్లు తడబడతాయి, అదిలించి పరుగెత్తిస్తే కూలబడతాయి. చిన్న వయసు జీవాలకు త్వరగా తగులుతుంది. తీగ లేని చోటికి తోలుకుపోతే చాలామటుకు కొద్దిరోజుల్లో కోలుకుంటాయి. ఈ వణుకు తెచ్చేవి ఇండోల్ డైటెర్పీన్లు అనే ఇంకో తరహా పదార్థాలు. 2018లో వాటిని అసారిఫోలియాలో గుర్తించారు. పెరిగ్లాండ్యులా జన్యువులను 2013లోనే చదివినప్పుడు, వీటిని తయారుచేసే జన్యువులు కూడా ఆ శిలీంధ్రంలో కనిపించాయి. అంటే మందైనా విషమైనా చేసే చేయి ఒక్కటే.

మనకు మరింత దగ్గరి ఉదాహరణ లొట్టపీసు. అమెరికా ఉష్ణమండలం నుంచి వచ్చి మన చెరువులు, కాలవలు, పొలం కంచెలు ఆక్రమించింది. 1990ల చివర దక్షిణ మొజాంబిక్‌లో దీన్ని మేసిన మేకలు నడక తప్పి, చిక్కి శల్యమై చచ్చిపోతుంటే పశువైద్యులు కారణం వెతికి 1999లో ప్రకటించారు. ఇందులోని స్వైన్సొనిన్ అనే ఆల్కలాయిడ్ కణాల్లో చక్కెరలను విడగొట్టే ఒక ఎంజైమును ఆపేస్తుంది. అరగని చక్కెరలు పేరుకుని నాడీకణాలు ఉబ్బిపోతాయి. 2013లో అమెరికా వ్యవసాయ శాస్త్రవేత్తలు ఈ స్వైన్సొనిన్‌ను చేసేది కూడా మొక్క కాదు, దానిలో కాపురమున్న మరో శిలీంధ్రమని చూపించారు. గింజలకు బూజుమందు పట్టించి మొలకెత్తిస్తే వచ్చిన మొక్కల్లో స్వైన్సొనిన్ లేదు. మొక్క సొంతంగా చేసుకునే కాలిస్టెజిన్లు అనే పదార్థాలు మాత్రం అలాగే ఉన్నాయి. పెరిగ్లాండ్యులాకూ దీనికీ చుట్టరికం లేదు. ఒకే ప్రజాతి తీగలు, రెండు వేర్వేరు వంశాల శిలీంధ్రాలతో, రెండు వేర్వేరు ఒప్పందాలు కుదుర్చుకున్నాయి.

ఇదంతా తెలిశాక నాటుమందుల పరిశోధన ఎలా మారాలి? ఇప్పటి పద్ధతి చాలాచోట్ల ఒకటే. ఊళ్లో ఒక మొక్క మందని విని, సంచీడు ఆకు తెచ్చి, ఎండబెట్టి, ఆల్కహాల్లో నానబెట్టి, ఆ సారాన్ని ఎలుకలకిచ్చి, వాపు తగ్గిందా, సూక్ష్మజీవులు చచ్చాయా అని చూసి వ్యాసం రాస్తారు. అసారిఫోలియా మీద కూడా నైజీరియాలో, బ్రెజిల్లో ఇలాంటి పరీక్షలు జరిగాయి. పనికిరావని నేననను. కానీ ఆ సంచీలో ఉన్నది ఎవరు? ఆ తీగ మీద శిలీంధ్రం ఉందా, పోయిందా? లేత ఆకా, ముదురు ఆకా? తెల్లపూల తీగా, ఊదాపూల తీగా? ఒక ఊళ్లో పనిచేసిన ఆకు ఇంకో ఊళ్లో ఎందుకు పనిచేయదని మంత్రసాని వాపోతే, ఆమె చెయ్యి తప్పిందని అనేముందు ఈ ప్రశ్నలు అడగాలి. శిలీంధ్రం సంగతి చూడకుండా మోతాదు నిర్ణయించడం గాలిలో లెక్కవేయడమే.

మరో మాట కూడా నిష్ఠూరంగానే చెప్పాలి. అడవి మొక్క కనుక హాని చేయదనే నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. ఈ తీగ ఆ నమ్మకానికి ఎదురు సాక్ష్యం. ఆఫ్రికా వైద్యులు దీన్ని ఎక్కువగా కాపడానికీ కట్టుకీ, ఆవిరికీ వాడారు. కడుపులోకి ఇవ్వడం తక్కువ. తరాల తరబడి చూసి నేర్చుకున్న జాగ్రత్త అది అయ్యుంటుందని నా నమ్మకం. ఆ జాగ్రత్తను వదిలేసి, పొడి కొట్టి డబ్బాల్లో నింపి అమ్మితే వైద్యం మిగలదు, ముప్పే మిగులుతుంది. గర్భిణికి ఎర్గాట్ జాతి పదార్థాలున్న ఏ మొక్కనూ, ఏ మోతాదులోనూ ఇవ్వకూడదు. ఇందులో రెండో ఆలోచనకు తావులేదు. పూలకోసం పెంచే ఐపోమియా గింజలకు కూడా ఇదే వర్తిస్తుంది. పిల్లల చేతికి అందకుండా ఉంచండి.

ఆఫ్రికా తీగ నుంచి మన పరిశోధకులు, మన బాటనీ విద్యార్థులు తీసుకోవలసిన పని ఒకటుంది. నల్లమలలోనో, పాడేరు కొండల్లోనో, ఆదిలాబాద్ అడవుల్లోనో ఎవరైనా పెద్దవాళ్లు ఒక మొక్కను మందుగా చూపిస్తే, పేరు రాసుకుని వచ్చేయకండి. ఎక్కడ, ఏ నెలలో, ఏ వయసు ఆకు తీసుకున్నారో అడిగి రాయండి. కొమ్మ, పువ్వుతో పాటు లేత ఆకునూ, పండిన గింజనూ అట్ట మీద కుట్టి మీ కాలేజీ హెర్బేరియంలో పెట్టండి. 2021 నాటి అధ్యయనం నడిచింది అలా ఎవరో ఎప్పుడో దాచిన గింజల మీదే. చెప్పిన మనిషి పేరును, ఆయనో ఆవిడో ఒప్పుకుంటే, ఆ అట్ట మీద తప్పకుండా రాయండి.